పదకొండు బిళ్లలు

మా వీధిలో పదకొండు పనిశాలలుండేవి. పదకొండింటికీ ఒకటే బాయిలరు. దాని ముందు పంతొమ్మిదేళ్లు కూర్చున్నవాణ్ని నేను. గొప్ప కోసం చెప్పడం లేదు. తప్పెవరిదో ముందే తెలిస్తే మీకు వినడం తేలికవుతుందని చెబుతున్నాను.

బాయిలరు పెద్దాయనది. వీధిలో అందరూ ఆయన్ని అలాగే పిలిచేవారు. వీధి చివర రేకుల షెడ్డులో బాయిలరు, అక్కడి నుంచి గోడల వెంబడి గోనెపట్టా చుట్టిన ఆవిరి గొట్టాలు. రంగులద్దే ఆయనకీ, టోపీలు చేసే ఆవిడకీ, సబ్బు వండే ఆయనకీ, అట్టపెట్టెల అన్నదమ్ములకీ, ఆసుపత్రి దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే మా అక్కకీ, మిగతా వాళ్లకీ ఆవిరి అక్కడి నుంచే. ఎవరికి వారు బాయిలరు పెట్టుకోవాలంటే ఇల్లు గుల్లవుతుంది. కలిసి వాడుకుంటే మాత్రం పొద్దున ఏడింటికి కుళాయి తిప్పినంత సులువు.

దీనికో పద్ధతి ఉండేది. షెడ్డు గుమ్మం పక్కన చెక్క పలక, దానికి పదకొండు కొక్కేలు, కొక్కేనికొక ఇత్తడి బిళ్ల. కొత్తగా చేరేవాళ్లు పెద్దాయన దగ్గర ధరావతు కట్టి తమ బిళ్ల తగిలించాలి. వారం చివర బొగ్గు ఖర్చును వేలాడే బిళ్లలన్నీ పంచుకోవాలి. మానుకోదలచినవాళ్లు బిళ్ల తీసి ఆయన చేతిలో పెడితే అదే రోజు ధరావతు తిరిగి ఇచ్చేస్తారు. ఆ వారం చివరిదాకా ఆవిరి మాత్రం ఆపరు. మర్యాద గల మనిషి పెట్టిన మర్యాద గల పద్ధతి. అదే ఆయన కొంప ముంచింది.

ఆ ధరావతులన్నీ బీరువాలో దాచి లేవు. కిందటేడు బాయిలరు గొట్టాలు మార్చడానికి ఖర్చయ్యాయి. ఇందులో రహస్యమేమీ లేదు, గొట్టాలు దించిన రోజు వీధంతా వచ్చి చూసి సంతోషపడింది. ఇద్దరో ముగ్గురో మానుకుంటే ఇవ్వడానికి సరిపడా బీరువాలో ఉంచుకునేవాడు పెద్దాయన. అంతకన్నా ఎక్కువమంది ఒకేసారి మానుకుంటారని ఎవరనుకుంటారు?

ఆ ఏడు రేడియో పెడితే చాలు, ఎక్కడో ఏదో మూతపడిందన్న వార్తే. మొదట మేం పేరైనా వినని దేశంలో ఒక బ్యాంకు. ఆ తర్వాత ఆ బ్యాంకు మీద ఆధారపడిన ఓడల కంపెనీ. ఆ తర్వాత రేవులో బట్టలు కొనే వ్యాపారులు. మేం రేవు మొహం కూడా చూసినవాళ్లం కాదు. అయినా టీ కొట్టు దగ్గర గ్లాసు పట్టుకుని, ఇదంతా మన దాకా రాదులే అని రోజూ ఒకరికొకరు చెప్పుకునేవాళ్లం. రాని దాని గురించి అన్నిసార్లు చెప్పుకోవడమెందుకో మాకు తోచలేదు.

బాయిలరు మీద ఆవిరి ఒత్తిడి చూపించే గడియారం లాంటిది ఒకటుంటుంది. దాని ముల్లే నా లోకం. ముల్లు కొంచెం దిగితే టోపీలావిడ కుళాయి తిప్పిందని, బాగా దిగితే రంగులాయన తొట్లు కాగుతున్నాయని చూడకుండానే చెప్పేవాణ్ని. మొత్తం ఆవిరిలో సగం రంగులాయనదే. ఆ మంగళవారం పొద్దున అదే బొగ్గు వేశాను, అదే మంట పెట్టాను, ముల్లు మాత్రం దిగలేదు. బుధవారమూ అంతే. రంగులాయన తలుపులు మూసి ఉన్నాయి. ఆయన అద్దే బట్టలు రేవు వ్యాపారులకే పోతాయని వీధిలో అందరికీ తెలుసు. రెండూ రెండూ కలిపాను. నాలుగొచ్చిందనుకున్నాను.

వెళ్లి తలుపు తట్టి, ఏమైందన్నా అని అడిగితే పోయేదేముంది? అడగలేదు. ముల్లు చెప్పాక మనుషుల్ని అడగడమేంటని నా పొగరు. పంతొమ్మిదేళ్లు ఒకే ముల్లును చూస్తూ కూర్చుంటే ఎవరికైనా తాను జ్యోతిష్కుణ్నన్న భ్రమ కలుగుతుంది.

అక్క గురించి భయమేసింది. అమ్మ పోయాక నాకు తల దువ్వింది, తన్నింది, చదివించబోయి ఓడిపోయింది అక్కే. రెండు నెలల కిందటే ఉతికే యంత్రాలు రెండు కొత్తవి కొంది. వాటి కోసం పై అంతస్తులోని ఇల్లు బ్యాంకుకు తాకట్టు పెట్టింది. దుప్పట్లు చేరవేసే వ్యాను బావ నడుపుతాడు, పధ్నాలుగు మంది ఆడవాళ్లు ఇస్త్రీ చేస్తారు. రంగులాయన పోతే ఆయన వంతు బొగ్గు మిగతా పది బిళ్లల మీదా పడుతుంది. అక్క అంత బరువు మోయలేదు. అందరికీ తెలిసేలోగా ధరావతైనా ఆమె చేతికి రావాలి. ఒకవేళ నా లెక్క తప్పితే సోమవారం మళ్లీ బిళ్ల తగిలించుకోవచ్చు, అంతవరకూ ఆవిరి ఎలాగూ ఆగదు. ఇందులో ఎవరికీ నష్టం కనిపించలేదు నాకు.

బుధవారం మధ్యాహ్నం అక్క దుప్పట్లు లెక్కపెడుతుంటే పక్కకి పిలిచాను.

"అక్కా, నీకొక్కదానికే చెబుతున్నా. రేపు పొద్దున్నే వెళ్లి బిళ్ల తీసేసెయ్. రంగులాయన పని అయిపోయింది."

"ఎవరు చెప్పార్రా?"

"నాకు తెలుసు. నన్నేం అడక్కు."

అక్క నా మొహం చూసింది. బాయిలరు దగ్గర ఉండేవాడికి తెలియక ఎవరికి తెలుస్తుందనుకుంది కాబోలు, ఇంకేమీ అడగలేదు.

గురువారం ఆరున్నరకి వచ్చింది. పెద్దాయన రెండు చేతులతో డబ్బు అందిస్తూ, ఇంట్లో ఏమైనా ఇబ్బందా, కొత్త యంత్రాలు సరిగా తిరుగుతున్నాయా అని అడిగాడు. నేను అటు తిరిగి బొగ్గు వేస్తున్నాను. అవసరమైన దానికన్నా రెండు పారలు ఎక్కువే వేశాను.

అక్క టోపీలావిడకి చెప్పింది. ముప్పయ్యేళ్ల స్నేహం, చెప్పకపోతే పాపమనుకుంది. టోపీలావిడ తన వియ్యపురాలికి, అంటే సబ్బాయన భార్యకి చెప్పింది. సబ్బాయన రోజూ తనతో పేకాడే అట్టపెట్టెల పెద్దన్నకి చెప్పాడు. వీళ్లందరి నోట్లో నువ్వుగింజ నానదని నేననను. ఒక్కొక్కరూ ఒక్కరికే చెప్పారు, అదీ తమకు అందరికన్నా కావలసినవాళ్లకి, ఇంకెవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని మరీ చెప్పారు. మనుషుల మధ్య ప్రేమ లేని వీధైతే బతికిపోయేది.

మధ్యాహ్నానికి టోపీలావిడ, సబ్బాయన వచ్చి ధరావతులు తీసుకున్నారు. దాంతో బీరువా ఖాళీ. నాలుగోవాడిగా వచ్చిన అట్టపెట్టెల పెద్దన్నతో, శనివారం ఇస్తాను నాయనా అన్నాడు పెద్దాయన. ఆయన నోట ఆ మాట ఎప్పుడూ వినలేదు వీధి. అప్పటిదాకా అది అనుమానం, అప్పటి నుంచి నిజం. సాయంత్రానికి ఒక్కొక్కరే వచ్చి ఎవరి బిళ్ల వాళ్లు తీసుకుని, డబ్బు ఇస్తేనే ఇస్తామని జేబుల్లో వేసుకుని వెళ్లిపోయారు. పలక మీద ఒక్క బిళ్ల మిగిలింది. అది రంగులాయనది.

శుక్రవారం బొగ్గు లారీ వచ్చింది. బొగ్గు వ్యాపారి పదేళ్లుగా మాకు అరువిస్తున్నాడు. ఆ రోజు మమ్మల్ని పలకరించకుండా నేరుగా పలక వైపు చూశాడు. దించమని కూలీలకు చెప్పబోయినవాడు ఆగి, ఈసారి రొక్కం కావాలన్నాడు. శనివారం పదింటికి ఉన్న బొగ్గు అయిపోయింది. ముల్లు దిగడం మొదలుపెట్టింది. బొగ్గు లేక అది సున్నా దగ్గర ఆగడం పంతొమ్మిదేళ్లలో మొదటిసారి చూశాను.

పదకొండింటికి రంగులాయన వచ్చాడు. మోచేతుల దాకా సిమెంటు. ఆవిరి ఎందుకు రావడం లేదని మామూలుగానే అడిగాడు. రైల్వేవాళ్ల యూనిఫారాలకు రంగు అద్దే పని వచ్చిందట, ఇదివరకటికి రెండింతల పని. పోటీవాళ్లకి తెలిస్తే ధర తగ్గించి ఎగరేసుకుపోతారని తలుపులేసుకుని, పాత తొట్లు పగలగొట్టి పెద్దవి కట్టించుకున్నాడట. అందుకే నాలుగు రోజులు ఆవిరి వాడలేదు. బుధవారంలోగా మొదటి విడత పంపకపోతే పని ఇంకొకరికి పోతుందని కూడా చెప్పాడు. అప్పుడు పలక వైపు చూశాడు. తన బిళ్ల ఒక్కటే వేలాడుతుంటే అదేమిటో ఆయనకి అర్థం కాలేదు. నాకు మాత్రం అన్నీ అర్థమయ్యాయి.

ఆదివారం సాయంత్రం అందరూ చల్లారిన షెడ్డులో కూడారు. పెద్దాయన ఎవరినీ ఏమీ అనలేదు. సోమవారం పొద్దున ఏడింటికి పలక మీద ఎనిమిది బిళ్లలు కనిపించాలి, ధరావతు తీసుకున్న ముగ్గురూ తిరిగి ఇస్తే ఆ డబ్బు బొగ్గు వ్యాపారికి కడతాను, అలాగైతే అతను లారీలో బొగ్గు దించుతానన్నాడు అని చెప్పాడు. ఎనిమిదికి ఒక్కటి తగ్గినా బొగ్గు ఖర్చు గిట్టదు, బాయిలరు అమ్మేయాల్సిందే. అక్కకి ఆసుపత్రివాళ్లు మంగళవారం దాకా గడువిచ్చారు. ఈలోగా ఉతికిన దుప్పట్లు అందకపోతే వాళ్ల దారి వాళ్లది. ఆ తర్వాత అక్క ఇల్లు బ్యాంకుది.

ఇంతలో ఎవరో, అసలు ఈ మాట మొదట ఎవరన్నారు అని అడిగారు. ఇక మొదలైంది. అట్టపెట్టెల తమ్ముడు అన్నని చూపించాడు. అన్న సబ్బాయనని, సబ్బాయన ఇంట్లో ఆవిణ్ని, ఆవిడ వియ్యపురాలిని చూపించారు. ఎవరికీ సిగ్గు లేదు. తమ మీద అంత ప్రేమతో చెప్పినవాళ్లనే వేలెత్తి చూపిస్తున్నారు. టోపీలావిడ కాసేపు తటపటాయించి, చివరికి మా అక్క వైపు తిరిగింది. అందరూ అక్కనే చూస్తున్నారు. నేను తేలు కుట్టిన దొంగలా మూల నిలబడ్డాను.

"నాకెవరూ చెప్పలేదు," అంది అక్క. "రేడియోలో అవన్నీ విని విని నాకే భయమేసింది. ఊరికే. అదే టోపీలావిడతో అన్నాను."

ఎవరో నవ్వారు. ఆ నవ్వు షెడ్డంతా పాకింది. ఇంతేనా, అనుకుంటూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నాలుగు రోజుల తర్వాత వాళ్ల భుజాలు కిందికి దిగడం చూశాను. ఒక్కొక్కరే పెద్దాయన దగ్గరికెళ్లి పొద్దున వస్తామని చెప్పారు.

బయటికొచ్చాక అక్క నా చెయ్యి పట్టుకుని గోడ పక్కకి లాగింది.

"నోరు విప్పావంటే చంపేస్తా. ఉట్టి పిచ్చిదాని భయమనుకుంటేనే వాళ్లు రేపొస్తారు. నువ్వు చెప్పావని తెలిస్తే ఒక్కడు రాడు. అర్థమైందా?"

అర్థమైందన్నాను. ఆ రోజు నిజంగానే అర్థమైంది.

సోమవారం ఆరుంపావుకి పొయ్యిలో పుల్లలు పేర్చి సిద్ధంగా ఉంచాను. షెడ్డు బయట లారీ నిలబడింది, కూలీలు టార్పాలిన్ తాళ్లు వదులు చేస్తున్నారు. అందరికన్నా ముందు అక్క వచ్చింది. తీసుకున్న డబ్బంతా పెద్దాయన చేతిలో పెట్టి, తన బిళ్ల తిరిగి తీసుకుని కొక్కేనికి తగిలించింది. తర్వాత టోపీలావిడ, ఆమె వెనకే మొహం మాడ్చుకుని సబ్బాయన. ముగ్గురి ధరావతులూ పెద్దాయన బొగ్గు వ్యాపారికి అందించాడు. ఇంకో ముగ్గురు వచ్చారు. ఏడు బిళ్లలు. గోడ గడియారంలో ఏడుకి అయిదు నిమిషాలుంది. అట్టపెట్టెల పెద్దన్న గుమ్మంలోకి వచ్చాడు. బిళ్ల చేతిలోనే ఉంది. రంగులాయన ఆయన వెనకే వచ్చి, నవ్వుతూ నా చేతికి అగ్గిపెట్టె ఇచ్చాడు.

అప్పుడు సబ్బాయన నోరు పారేసుకున్నాడు. చేతికొచ్చిన డబ్బు వెనక్కిచ్చిన మంట కాబోలు, అక్క వైపు తిరిగి, ఒక్క ఆడదాని పిరికితనం వీధి మొత్తానికి పొయ్యి ఆర్పేసింది, ఈసారి పీడకల వస్తే మా ఇళ్ల మీద పడకుండా మంచి డాక్టరుకి చూపించుకో అన్నాడు. రెండు మూడు గొంతులు నవ్వాయి. అక్క తల వంచుకుని నేల చూసింది. నా పదో ఏట నన్నెవరో దొంగన్నారని గుమ్మం దాకా వెళ్లి వాడి చెంప పగలగొట్టిన మనిషి ఆమె. ఆ మనిషి తల వంచడం నేను చూడలేకపోయాను.

"ఆమె కాదు," అన్నాను. "చెప్పింది నేను. ముల్లు దిగలేదని రంగులాయన మూసేశాడనుకున్నా. నేనే మా అక్కని బిళ్ల తియ్యమన్నా. ఇంకొక్క మాటన్నావంటే బాగుండదు."

అక్క తలెత్తి నన్ను చూసింది. ఆ చూపు గురించి నేను చెప్పలేను.

పెద్దన్న చెయ్యి కొక్కేనికి జానెడు దూరంలో ఆగింది. "నువ్వా?" అన్నాడు మెల్లగా. "పంతొమ్మిదేళ్లుగా పెద్దాయన పక్కన కూర్చుంటున్నావు. నువ్వే మీ అక్కని ధరావతు తీసుకోమన్నావంటే, ఊరికే అంటావా?"

ముల్లు సంగతి చెప్పాను. నా పొగరు, నా తెలివితక్కువ లెక్క, అన్నీ చెప్పాను. రంగులాయన కూడా నా వైపే మాట్లాడాడు. పెద్దన్న ఓపిగ్గా విన్నాడు. విని, నిప్పు లేనిదే పొగ వస్తుందా అన్నాడు. బిళ్లను చొక్కా జేబులో వేసుకుని బొత్తాం పెట్టుకున్నాడు.

ఆ బొత్తాంతో అయిపోయింది. మొదట ఇద్దరు, తర్వాత ఇంకొకరు, ఎవరూ ఎవరినీ చూడకుండా బిళ్లలు తీసుకున్నారు. టోపీలావిడ ఏడుస్తూనే తన బిళ్ల తీసింది. సబ్బాయన తన బిళ్ల లాక్కుని డబ్బు కోసం బయటికి పరుగెత్తాడు. బొగ్గు వ్యాపారి అది పాత బాకీకి సరిపోయిందని చెప్పి, తాళ్లు మళ్లీ బిగించమన్నాడు. లారీ వెనక్కి వెళ్లిపోయింది. పెద్దాయన భుజం మీది తువ్వాలు తీసి, దుమ్ము లేని ఒత్తిడి గడియారం అద్దాన్ని చాలాసేపు తుడిచాడు. పలక మీద రంగులాయన బిళ్ల, అక్క బిళ్ల మిగిలాయి. అగ్గిపెట్టె ఇంకా నా చేతిలోనే ఉంది.

రైల్వే పని వేరే ఊరికి పోయింది. రంగులాయన ఆ నెలాఖరుకి నిజంగానే మూసేశాడు. బుధవారం నేను చెప్పిన మాట అలా నిజమై కూర్చుంది. ఆయన సరుకుకే పెట్టెలు చేసే అన్నదమ్ములు తర్వాతి వారం మూసేశారు. ఆ తర్వాత టీ కొట్టు. వీటన్నిటికన్నా ముందే, లారీ వెళ్లిపోయిన ఆ వారంలోనే, వీధిలో సగంమంది అప్పులు పక్క వీధి బ్యాంకులో ఉన్నాయని ఎవరికో గుర్తొచ్చింది. గురువారం పొద్దున ఆ బ్యాంకు గుమ్మం ముందు నలుగురు నిలబడ్డారట. ఆ నలుగురిని చూసి మరో పదిమంది.

ఆ రోజే ఆసుపత్రివాళ్లు దుప్పట్లు వెనక్కి పంపేయమన్నారు. ఇస్త్రీ లేనివాటినే మడతపెట్టి ఇవ్వడానికి నేనూ వెళ్లాను. అక్క ఒక వైపు, నేను ఒక వైపు దుప్పటి అంచులు పట్టుకున్నాం. ఒక్కొక్కటే మడతపెడుతూ పోయాం. చివరికి అంచులు కలపడానికి దగ్గరికొచ్చినప్పుడు అంది, "మాట పడ్డది నేను కదరా. ఇంకొక్క నిమిషం ఓర్చుకోలేకపోయావా?"

ఇంకో దుప్పటి తీసుకున్నాం.

ఇస్త్రీ చేసే ఆవిడొకరు పని వెతుక్కోవడానికి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. అటూ ఇటూ చూసి నా దగ్గరికొచ్చి, పక్క వీధి బ్యాంకు సంగతి మీకేమైనా తెలుసా అన్నా, నా నాలుగు రూపాయలూ అందులోనే ఉన్నాయి అని గొంతు తగ్గించి అడిగింది. అక్క చేతిలో దుప్పటి ఆగింది. నాకేమీ తెలియదమ్మా అన్నాను. నిజంగానే తెలియదు.

ఆవిడ నా మొహం వైపు కాసేపు చూసింది. చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా బ్యాంకు వైపు పరుగెత్తింది.